రేగడి గుట్టు దొరికిన వైనం

ఆదోని, ఎమ్మిగనూరు ఊళ్లు పెరిగి పెరిగి పత్తిచేలమీదికి పాకాయి. అలా చేలమీద లేచిన కాలనీల్లో ఏ ఇంటికి వెళ్లినా ముందుగదిలో ఒక గీత పలకరిస్తుంది. గడప దగ్గర మొదలై, గది నడిమికి వచ్చి, అక్కడ రెండు పాయలై గోడ కిందికి దూరిపోతుంది. ఆ గీతకు ఒక పంచాంగం ఉంది. ఉగాది వెళ్లి ఎండలు ముదిరేసరికి అందులో రూపాయి బిళ్ల నిలబెట్టొచ్చు. వానలు పట్టి వినాయక చవితి దాటేసరికి దారం కూడా దూరదు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ మెల్లగా విచ్చుకుంటుంది.

మా ఎమ్మిగనూరు ఇంట్లో ఆ గీతను మూడుసార్లు పూడ్చాం. మొదటిసారి సిమెంటు పాలు పోశారు. వానాకాలం వచ్చేసరికి ఆ పూడ్చిన చోటే ఉబ్బి, పక్కన బాగున్న గచ్చు పెచ్చులు లేచింది. రెండోసారి పగులును ఉలితో వెడల్పు చేసి గట్టి మాలు కూరారు. మరుసటి ఎండాకాలం పాత గీత అలాగే ఉంది, దానికి జానెడు దూరంలో కొత్త గీత పుట్టింది. మూడోసారి గచ్చంతా పెళ్లగించి కొత్త కాంక్రీటు వేయించాం. అదీ రెండేళ్లే. నాలుగోసారి పిలిచిన ముసలి మేస్త్రి పని ఒప్పుకోలేదు. గడప మీద కూర్చుని గీతను కాసేపు చూసి, "సిమెంటుది తప్పు ల్యా సార్. కింద రేగడి ఉంది. ఎండకు నోరు తెరుస్తాది, వానకు మూస్తాది. తెరిచిన నోట్లో మనం సిమెంటు పెడితే, మూసేటప్పుడు నమలకుండా ఉంటాదా?" అన్నాడు.

ఆయన నాలుగు మాటల్లో తేల్చేసిన ఆ సంగతిని పట్టుకోవడానికి చదువుకున్నవాళ్లకు నూరేళ్ల పైన పట్టింది. కర్నూలులో మొదలై ఫ్రాన్సు, అమెరికా, దక్షిణాఫ్రికా, రూర్కీ, బొంబాయి, కాకినాడ తిరిగి వచ్చిన కథ అది.

భూగర్భ శాస్త్రం పాత పుస్తకాల్లో నల్లమట్టిని 'రెగర్' అని రాసేవారు. ఆ మాట మన రేగడే. తెలుగు రైతు నోటి మాటను దొరలు తమకు పలికినట్టు రాసుకుంటే అది ప్రపంచమంతా తిరిగింది. దాన్ని గట్టిగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకడు మద్రాసు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న థామస్ జాన్ న్యూబోల్డ్. 1839లో కర్నూలు నవాబును ఇంగ్లీషువాళ్లు గద్దె దించాక, ఈ ప్రాంతపు పాలనలో సహాయకుడిగా 1840ల్లో ఇక్కడికి వచ్చాడు. పేరుకు సైనికుడే గాని మనసంతా రాళ్ల మీద, మట్టి మీద ఉండేది. 

అతన్ని పట్టి పీడించిన ప్రశ్న ఒకటుంది. ఈ నల్లమట్టి ఎక్కడ పుట్టింది? దక్కనులో నల్లటి అగ్నిశిలలు అరిగి నల్లమట్టి అయిందని అప్పటికే చాలామంది నమ్మకం. కానీ ఆదోని చుట్టూ చూడండి, కొండలన్నీ తెల్లటి, గులాబిరంగు గ్రానైటు. అదే కర్నూలుకు తూర్పున నాపరాయి. రెండింటి మీదా అదే రేగడి దుప్పటి. కింద రాయి ఏదైనా పైన మట్టి ఒక్కటే కావడమేమిటి? నీటి అడుగున పేరుకున్న ఒండ్రు అయి ఉంటుందని న్యూబోల్డ్ అనుకున్నాడు. ఆ తగవు ఆయన తరవాత కూడా చాలాకాలం నడిచింది.

మన కథకు కావలసింది ఆ తగవు కాదు, దాని మధ్యలో ఆయన చేసిన ఒక చిన్న పరీక్ష. రేగడిని బాగా ఎండబెట్టి, తూచి, తేమ నిండిన గాలిలో కొన్నాళ్లు ఉంచి మళ్లీ తూచాడు. ఒక్క చుక్క నీళ్లు పోయకుండానే బరువు సుమారు 8 శాతం పెరిగింది. గాలిలోని తేమనే తాగేసిందన్నమాట! తాళంచెవి చేతికి వచ్చింది. కానీ ఆయన వెతుకుతున్న తలుపు వేరు. మట్టి పుట్టుక వెతికేవాడికి దాని దాహం ఒక వింత మాత్రమే. రాసిపెట్టి ముందుకు సాగాడు. 1850లో మహాబలేశ్వరంలో చనిపోయాడు. 

దాదాపు అదే రోజుల్లో, 1847లో, ఫ్రాన్సులో మోంట్‌మోరియాన్ అనే ఊరి దగ్గర దొరికిన మెత్తటి బంకమట్టికి రసాయన శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరు మీదే మోంట్‌మోరిల్లొనైట్ అని పేరు పెట్టారు. కర్నూలు రేగడిలో తేమ తాగిన దొంగా, ఫ్రాన్సులో పేరు పెట్టించుకున్న పెద్దమనిషీ ఒకటేనని ఊహించినవాళ్లు లేరు.

ఇంతకీ ఆ రోజుల్లో ఆదోనివాళ్ల ఇళ్లు పగిలేవి కావా? పగిలేవి. కానీ అది జబ్బుగా లెక్కలోకి వచ్చేది కాదు. మొదటి సంగతి, పాత ఊరు కోటకొండ పాదం పట్టుకుని ఉంది. కింద రాయి ఉన్న చోట ఇల్లు, రేగడి ఉన్న చోట చేను అన్నది ఎవరూ రాయని చట్టం. రెండోది నేల. పేడతో అలికే మట్టినేలలో బీట వస్తే వచ్చే శుక్రవారం అలుకుతో పూడిపోయేది. కాస్త ఉన్నవాళ్లు నాపబండలు పరిచేవారు. బండకూ బండకూ మధ్య సందు ఉంటుంది. కింద నేల లేస్తే బండ కాస్త వాలుతుంది, దిగితే మళ్లీ సర్దుకుంటుంది. మరీ వంకరపోతే ఎత్తి, కింద ఇంత ఇసుక సర్ది, మళ్లీ పరుస్తారు. సిమెంటు వచ్చి గదంతా ఒకే పలక అయ్యాకే పగులు పగులైంది. ఒకే పలకకు సర్దుకోవడం చేతకాదు. విరగడం ఒక్కటే తెలుసు.

ఈ గుట్టు వీడటానికి మొదటి దెబ్బ తగిలింది మాత్రం మండే ఎండల దేశంలో కాదు, గడ్డకట్టే చలి గురించిన ఆలోచనలో. అమెరికా ఉత్తరాన, కెనడాలో కాంక్రీటు గచ్చులకు, రోడ్లకు అచ్చం మన జబ్బే ఉంది, ఋతువులు మాత్రం తలకిందులు. చలికాలం పైకి ఉబ్బుతాయి, వసంతంలో కుంగుతాయి, ఆ తోపులాటలో పగులుతాయి. కారణం అందరికీ తెలుసనే అనుకునేవారు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, మట్టిలో నీరుంది, కనుక మట్టి ఉబ్బింది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే జవాబు.

దక్షిణ కరొలినా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భ శాస్త్రం పంతులుకు ఆ జవాబు రుచించలేదు. లెక్క వేస్తే కుదరడం లేదు. మట్టిలో ఉన్న నీరంతా గడ్డకట్టినా రావలసిన ఉబ్బు కొంచెం. కళ్లకు కనిపిస్తున్న ఉబ్బు దానికి ఎన్నో రెట్లు. పైగా ఆయన ఉన్న ఊరు పెద్ద చలిప్రదేశం కూడా కాదు. చలి ఎక్కువ లేని చోట కూర్చున్న మనిషి మంచు గుట్టు తేల్చడం ఈ కథలో నాకు నచ్చిన తమాషాల్లో ఒకటి.

టేబర్ చేసిన పని ఎంత తెలివైనదో చూడండి. నీటికి బదులు బెంజీన్ తీసుకున్నాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. మట్టిని బెంజీన్‌తో తడిపి పైనుంచి గడ్డకట్టించాడు. అందరి సిద్ధాంతం నిజమైతే మట్టి కుంగాలి. అది ఉబ్బింది! అంటే ఉబ్బు గడ్డకట్టడంలో లేదు. గడ్డకడుతున్న పొర కింది నుంచి ద్రవాన్ని పైకి లాక్కుంటోంది, లాక్కుని పలకలు పలకలుగా పేర్చుకుంటోంది. ఆ పలకలే నేలను లేపుతున్నాయి. 1929, 1930 సంవత్సరాల్లో ఈ సంగతి ప్రకటించాడు. మట్టిలో ఎంత నీరుందన్నది కాదు, నీరు ఎక్కడినుంచి ఎక్కడికి నడుస్తోందన్నదే అసలు ప్రశ్న అని ఆయన వల్ల తెలిసింది.

చలిదేశపు కాంక్రీటుకు ఆ రోజుల్లోనే ఇంకో మేలు జరిగింది, అది పూర్తిగా అదృష్టం. 1930ల నడుమ న్యూయార్కు రాష్ట్రంలో కొన్ని రోడ్లు మంచుకు పెచ్చులూడకుండా నిలబడ్డాయి, పక్కవి ఊడిపోయాయి. తీరా ఆరా తీస్తే, నిలబడ్డ రోడ్ల సిమెంటును మరలో విసిరేటప్పుడు మెత్తగా నలగడానికి గొడ్డు కొవ్వు కలిపారట. ఆ కొవ్వు వల్ల కాంక్రీటులో కంటికి ఆనని గాలిబుడగలు నిండాయి. గడ్డకట్టే నీటికి ఆ బుడగలే సందు ఇచ్చాయి. ఈనాటికీ చలిదేశాల్లో బయట వేసే కాంక్రీటులో కావాలనే గాలి నింపుతారు. మన ఆదోనికి దాని అవసరం లేదు గాని, ఎవరో పని సులువు కోసం కలిపిన కొవ్వు కోట్ల గచ్చులను కాపాడిందన్నది చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, రేగడి దగ్గరికి వద్దాం. 1933లో జర్మనీలో హాఫ్‌మన్, ఎండెల్, విల్మ్ అనే ముగ్గురు మోంట్‌మోరిల్లొనైట్ మీద ఎక్స్ కిరణాలు పంపి దాని లోపలి కట్టడం చూశారు. అది పలచటి రేకుల దొంతర. ఎండినప్పుడు రేకులు దగ్గర దగ్గరగా, తడిపితే దూరం దూరంగా. హార్మోనియం తిత్తి తెరుచుకున్నట్టు, రేకుకూ రేకుకూ నడుమ నీరు దూరి మొత్తం దొంతరను ఎడం చేస్తోంది. ఒక్క గ్రాము మట్టిలోని రేకులన్నీ విడదీసి పక్కపక్కన పరిస్తే సుమారు 800 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో దాదాపు 20 సెంట్ల చేను. చిటికెడు మట్టిలో ఇరవై సెంట్ల దాహం! న్యూబోల్డ్ త్రాసులో పెరిగిన ఆ 8 శాతానికి తొంభై ఏళ్ల తరవాత జవాబు దొరికింది. రేగడి నిండా ఈ జాతి మట్టే.

అయినా ఇంజనీర్లకు ఈ సంగతి చేరడానికి టైం పట్టింది. రసాయన శాస్త్రవేత్త గదికీ తాపీపని జరిగే చోటుకూ నడుమ దూరం ఎప్పుడూ ఎక్కువే. 1938లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒవైహీ ప్రాజెక్టు మీద ఒక ఉక్కు సైఫను పునాది లేచినప్పుడే అక్కడి ప్రభుత్వ ఇంజనీర్లు తొలిసారి, తప్పు కట్టడంలో లేదు, కింద మట్టి ఉబ్బుతోందని గుర్తించారు. అంతకుముందు ఎన్ని గోడలు పగిలితే అంతమంది మేస్త్రుల మీద నెపం పడి ఉంటుందో!

ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. దక్షిణాఫ్రికాలో బంగారు గనుల ఊళ్లలో కొత్తగా కట్టిన ఇళ్లు పగులుతున్నాయి. వాన తగిలే అంచుల్లో ఉబ్బితే అర్థముంది. కానీ ఉబ్బేది గది నడిమి. చుక్క వాన పడని చోటు, ఇంటి కడుపులో! జెన్నింగ్స్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకుని, ఎండి ఉన్న బంకమట్టి మీద ఇళ్లు ఎందుకు లేస్తాయో 1953లో వివరించాడు. ఇల్లు కట్టకముందు నేల రోజూ ఎండకు ఆవిరి వదులుతూ ఉండేది. ఇల్లు కట్టగానే మనం దాని మీద మూత పెట్టాం. కింద లోతులోంచి తేమ పైకి వస్తూనే ఉంది, పోయే దారి మూసుకుపోయింది. అన్నం గిన్నె మీద మూత పెడితే మూతకు చెమట పట్టినట్టే. కట్టిన తరవాత ఏళ్ల తరబడి నడిమిలో తేమ చేరుతూ, మట్టి ఉబ్బుతూ, గచ్చు బోర్లించిన మూకుడులా లేస్తుంది. అదే సమయంలో అంచుల్లో మట్టి ఎండాకాలం ఎండి కుంగుతుంది. మా ముందుగదిలో గీత నడిమికి వచ్చి రెండు పాయలు ఎందుకవుతుందో ఇది చదివాకే తెలిసింది.

1953 అంటే మనకు వేరే రకంగా గుర్తు. ఆ అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది, బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు మనవైపు చేరాయి. తుంగభద్ర ఆనకట్ట నీళ్లు వదిలిందీ ఆ ఏడాదే. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు చేలవైపు రావడంతో ఊళ్లు బలిశాయి. పత్తి మిల్లులు పెరిగాయి. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో ఎమ్మిగనూరు పేరు అప్పటికే దూరాలకు పోయింది. ఇళ్లు కావాలి. కొండ కింద రాతినేల అయిపోయింది. మిగిలింది రేగడి.

ఆ రేగడి మీద ఇల్లు నిలబెట్టే పని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎత్తుకుంది. 1950ల్లో అక్కడ దినేష్ మోహన్, ఆయన జట్టు నల్లరేగడి మీద ఏళ్ల తరబడి కొలతలు తీశారు. ముందు అందరూ చేసిందే వాళ్లూ చూశారు. పునాది వెడల్పు చేయడం, ఇనుము ఎక్కువ వేయడం. ఏదీ నిలవలేదు. కారణం సూటిగానే ఉంది. గట్టి రేగడి చదరపు మీటరుకు 20, 30 టన్నుల బలంతో కూడా పైకి తోయగలదు. నాలుగంగుళాల కాంక్రీటు గచ్చు బరువు చదరపు మీటరుకు 250 కిలోలు. ఏనుగు మీద చీమ కూర్చుని అణిచిపెడతానన్నట్టు. అందుకే పెద్ద పెద్ద మేడలకంటే ఒక అంతస్తు ఇల్లే రేగడి మీద ఎక్కువ అవస్థ పడుతుంది. 

మరి ఏం చేయాలి? ఉబ్బే మట్టితో కుస్తీ పట్టకుండా, దాన్ని దాటి పోవాలి. ఎండా వానా ప్రభావం సుమారు 3.5 మీటర్ల లోతు వరకే. అంతకు కింద రేగడి ఏడాది పొడుగునా ఒకే తేమతో నిద్రపోతుంది. అక్కడిదాకా సన్నటి గుంత తవ్వి, అడుగున గుంతను గంటలా వెడల్పు చేసి, కాంక్రీటు నింపితే, పై మట్టి ఎంత లాగినా ఆ గంట ఊడిరాదు. ముల్లంగికి కింద గడ్డ ఉన్నట్టు. కాండానికి రెండున్నర రెట్లు వెడల్పు గడ్డ. టెక్సాస్‌లో ఇలాంటి గంట పునాదులు పెద్ద యంత్రాలతో వేసేవారు. రూర్కీవాళ్ల గొప్ప ఏమిటంటే, ఇద్దరు కూలీలు చేత్తో తిప్పే బరమాతో, చేత్తోనే తెరుచుకుని మూసుకునే కత్తుల బుట్టతో ఈ గంటను తవ్వించారు. మన ఊళ్లో మన మనుషులు చేయగల పనిగా మార్చారు. 

ఆ పద్ధతిలో ఒక చిన్న మెలిక ఉంది. స్తంభాల మీద వేసే దూలం నేలను తాకకూడదు. కింద కొన్ని అంగుళాల ఖాళీ వదలాలి, ఉబ్బే మట్టికి జాగా కోసం. కానీ ఖాళీ చూస్తే మన చేతులు ఊరుకోవు. పాములు దూరుతాయనో, అందం లేదనో, రాళ్లూ మట్టీ కూరి గట్టిగా దిమ్మిస్తాం. అంతే, దూలం మళ్లీ రేగడి భుజాల మీద కూర్చుంటుంది. ఎన్ని ఖరీదైన పునాదులు ఆ కొన్ని అంగుళాల ఖాళీ దగ్గర ఓడిపోయాయో లెక్క తీసినవాళ్లు లేరు.

గోడలు దక్కాయి. గచ్చు దక్కలేదు. గోడలు గంట స్తంభాల మీద కదలకుండా ఉంటాయి, నడుమ గచ్చు మాత్రం నేరుగా రేగడి మీదే. అది ఎప్పటిలాగే లేస్తుంది, దిగుతుంది. గోడలూ గచ్చూ విడిపోయి చుట్టూ సందు పడుతుంది.

ఆ మిగిలిన సగానికి జవాబు ఇంటి వైపునుంచి రాలేదు, కాలువ వైపునుంచి వచ్చింది. రేగడి మీద తవ్విన కాలువలకు వేసిన కాంక్రీటు పలకలు నీళ్లు వదలగానే లేచి, పగిలి, కాలువలోకి జారేవి. ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి దాని మీద కూర్చున్నాడు. అప్పటికి అందరూ నమ్మిన మందు ఇసుక పరుపు. రేగడి తీసేసి ఇసుక పోస్తే మెత్తగా సర్దుకుంటుందని. అది బెడిసికొట్టింది. ఇసుక నీటిని ఆపదు, పట్టుకుని కూర్చుంటుంది. కింద రేగడికి తొట్టి కట్టి నీళ్లు పోసినట్టయింది.

కట్టి చిన్న డబ్బీలతో తృప్తిపడలేదు. పెద్ద పెద్ద తొట్లలో రేగడి నింపి, తడిపి, లోతులోతుకూ ఉబ్బు కొలిచాడు. పైన బాగా ఉబ్బుతోంది. కిందికి పోయేకొద్దీ తగ్గుతోంది. ఒక మీటరు దాటేసరికి, అక్కడి మట్టి కూడా నీళ్లలోనే నానుతున్నా, కదలడం లేదు. పై మీటరు బరువు ఏపాటి? ఆ బరువు అంత ఉబ్బును ఆపలేదని తొట్టి పక్కన నిలబడ్డ ఎవరికైనా తెలుసు. మరి ఏది ఆపుతోంది? ఆ తడిసిన పై పొరలో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకునే జిగి ఆపుతోందని ఆయన తేల్చాడు. అలాంటప్పుడు ఉబ్బే రేగడి స్థానంలో, జిగి ఉండి కూడా ఉబ్బని మట్టిని మీటరు మందం వేస్తే? మన గరుసు మట్టి లాంటిది. ఇసుకలా పొడిపొడిగా ఉండకూడదు, రేగడిలా దాహం ఉండకూడదు. కర్ణాటకలో మలప్రభ కుడి కాలువ మీద వేసి చూశారు. పలకలు నిలిచాయి. తరవాత ఇది దేశమంతటి కాలువ పనులకు ప్రామాణిక పద్ధతి అయింది. 

కాలువ ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఇల్లు అలా కాదు. ఏటా ఎండుతుంది, ఏటా తడుస్తుంది. అక్కడ కట్టి పొర మొదటి వానాకాలం బాగా కాస్తుంది గాని, ఎండి తడిసిన కొద్దీ పట్టు సడలుతుందని తరవాతి పరిశోధకులు చూపించారు. కాకినాడ జేఎన్టీయూలో ఆచార్య ఎ. శ్రీరామారావు జట్టు ఈ ఎండూ తడీ ఆటనే పదే పదే ఆడించి, గరుసు పొరకు బదులు సున్నమో సిమెంటో కలిపిన బొగ్గుబూడిద పరుపు వేస్తే ఎండినకొద్దీ చెడకుండా నిలుస్తుందని చూపింది. థర్మల్ కేంద్రాల దగ్గర గుట్టలుగా పడి ఉన్న బూడిద!

శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ కలిసి పట్టుకున్న ఇంకో ఉపాయం నాకు ఇంకా ఇష్టం. రేగడిలో గుంత తవ్వి కంకర దట్టిస్తారు. అడుగున ఒక ఉక్కు పలక, దానికో కడ్డీ. కడ్డీ కంకర నడుమనుంచి పైకి వచ్చి పునాదికి కట్టుకుంటుంది. రేగడి ఉబ్బి పునాదిని లేపబోతే కడ్డీ లాగి పట్టుకుంటుంది. ఉబ్బిన రేగడి పక్కనుంచి కంకర స్తంభాన్ని అదిమిపెడుతుంది కనుక, ఎంత ఉబ్బితే అంత బిగుసుకుంటుంది. దొంగ చేతులతోనే దొంగను కట్టేసినట్టు. 2000 తరవాతి ఏళ్లలో నిజమైన నల్లమట్టి చేలల్లో కడ్డీలు లాగి పరీక్షించి, అంతర్జాతీయ పత్రికల్లో రాశారు.

ఇప్పుడు చలిదేశంలో ఉన్న మనవాళ్లు ఫోనుల్లో చెప్పే సంగతి ఒకటి. మిన్నెసోటాలోనో టొరంటోలోనో ఇంటి ముందు కారు నిలిపే గచ్చు కుంగితే, దానికి చిన్న రంధ్రం చేసి, కిందికి ద్రవం పంపుతారు. అది నురగై ఉబ్బి, గట్టిపడి, గచ్చును మునుపటి ఎత్తుకు లేపేస్తుంది. 1970ల్లో ఫిన్లాండులో మొదలైన పద్ధతి. అంతకుముందు సిమెంటు బురద పంపి లేపేవారు. పూటలో పని అయిపోతుంది. "ఇక్కడ కూడా తెప్పించొచ్చు కదా" అంటారు. తెప్పించొచ్చు. కానీ మే నెలలో కుంగిన గచ్చును ఆదోనిలో అలా లేపి సమం చేస్తే, సెప్టెంబరులో కింద రేగడి కూడా లేచి, గచ్చు గడపను దాటి తలుపును పట్టేస్తుంది. అక్కడ ఒకసారి కుంగిన మట్టి చాలావరకు అలాగే ఉంటుంది. ఇక్కడ నేల ఊపిరి తీస్తుంది. మందు ఒకటే అయినా నాడి వేరు.

మా ఇంటికి చివరికి చేసింది గొప్ప పనేమీ కాదు. ముందు గోడ పక్కన కారుతున్న కుళాయి, మోరీ బాగు చేయించాం. చుట్టూ ఆరేడు అడుగుల వెడల్పున, నీళ్లు దూరంగా జారేలా వాలు కట్టి గట్టు వేయించాం. గోడ మొదట్లో ఉన్న కానుగ చెట్టు దగ్గర మనసు ఒప్పక, కొట్టకుండా, వేళ్లకు అడ్డంగా గోడవైపు లోతైన కందకం తవ్వి అడ్డు పెట్టించాం. ఒక ఏడాది పగులును ముట్టుకోకుండా, దాని మీద పెన్సిలుతో నెలనెలా గుర్తులు పెట్టాను. తరవాత గచ్చు తీయించి, మీటరు లోతు రేగడి ఎత్తి, గరుసు తెప్పించి, తడిపి పొరలు పొరలుగా దిమ్మించాం. దాని మీద కాంక్రీటు వద్దని, నాపబండలు పరిపించాను. మేస్త్రి బండల మధ్య సందులు వదులుతూ, "ఇప్పుడు కదిలినా ఏం కాదులే సార్" అన్నాడు.

ఎత్తిన రేగడిలోంచి గుప్పెడు తీసి ఉంచుకున్నాను. భారత ప్రమాణాల సంస్థ చెప్పిన ఒక పరీక్ష ఉంది, ఇంట్లో కూడా చేసుకునేంత సులువు. ఎండిన మట్టిని పొడి చేసి జల్లెడ పట్టి, పదేసి గ్రాముల చొప్పున రెండు కొలత గాజు గొట్టాల్లో పోయాలి. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌ను రేగడి రేకులు లోపలికి రానివ్వవు, కనుక అందులో మట్టి తన అసలు కొలతే చూపిస్తుంది. మా పాప బడి ప్రయోగశాలనుంచి గొట్టాలు తెచ్చింది. సాయంత్రం కిటికీ దగ్గర పెట్టి పడుకున్నాం. మర్నాడు పొద్దున కిరోసిన్ గొట్టంలో మట్టి అడుగున అణిగిపోయి ఉంది. నీళ్ల గొట్టంలో దానికి రెండింతలు లేచి, నల్లగా, మెత్తగా, గాజును అదిమి పట్టుకుని కూర్చుంది. పాప గొట్టాన్ని వంచి చూసింది. మట్టి జారలేదు.